రేకులక్క జోస్యం తప్పింది

రేకులక్క ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరించదు, పైకప్పుని పలకరిస్తుంది. గుమ్మంలోనే ఆగిపోయి, తల వెనక్కి వాల్చి, ఒక కన్ను మూసి, రేకుల్ని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసి, ఆ కప్పు ఇంకెన్నేళ్ళు బతుకుతుందో చెప్పేస్తుంది. ఆ తర్వాతే "ఏం, అందరూ కులాసానా?" అని అడుగుతుంది. ఒక్కోసారి అది అడగడం మర్చిపోయి వెళ్ళిపోతుంది కూడా.

ఈ అలవాటు వల్ల ఊళ్ళో అందరికంటే ఎక్కువ అవస్థ పడ్డది ఆమె తమ్ముడు. మార్కెట్ వీధిలో టైలరు. పగలంతా తల వంచుకుని సూదిలోకి దారం ఎక్కించుకునే ఆ నెమ్మదస్తుడికి, ఎప్పుడూ తలెత్తుకుని తిరిగే అక్క దొరికింది. ఆమె పక్కన నడవాలంటే అతనికి రెండు ఉద్యోగాలు. ఒకటి తను నడవడం, రెండోది అక్క గోతిలో పడకుండా చూడటం.

వాళ్ళ నాన్న రేకుల కప్పులు వేసేవాడు. ఆ పని కొడుకు అందుకుంటాడని ఆశపడ్డాడు. కొడుకేమో బల్బు మార్చడానికి స్టూలెక్కినా కళ్ళు తిరిగే రకం. చిన్నప్పుడు ఒకసారి బలవంతాన నిచ్చెన ఎక్కిస్తే, మధ్యలో ఆగిపోయి, పైకి పోలేక, కిందికి దిగలేక బేరుమన్నాడు. అప్పుడు అక్క వచ్చి వాణ్ణి చంకనేసుకుని దింపి, అదే ఊపులో తను ఎక్కేసింది.

"ఎక్కింది ఎక్కినట్టే. ఇప్పటిదాకా దిగలేదు" అంటాడు టైలరు.

వాళ్ళింట్లో గోడల నిండా కుటుంబం ఫోటోలున్నాయి. అన్నింట్లోనూ అందరూ ముందుకి చూస్తుంటారు, రేకులక్క పైకి చూస్తుంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఫోటో చూసి "ఈ గడ్డం ఎవరిది?" అని అడుగుతారు. ఫోటోగ్రాఫరు బతిమాలీ బతిమాలీ విసిగిపోయి, చివరికి ఒకసారి తన స్టూడియో కప్పు మీద కెమెరా బొమ్మ అతికించాడు. అప్పుడూ ఆమె దాన్ని చూడలేదు. దాని పక్కనున్న మరక చూసి, "ఇక్కడ వాషరు పోయింది, తెలుసా?" అంది.

ఊళ్ళో ఒక పెద్ద పెళ్ళి జరిగింది. వధూవరులు పక్కపక్కన కూర్చున్నారు, వచ్చినవాళ్ళు నోరు విప్పకుండా చూస్తున్నారు. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో రేకులక్క గొంతు ఖంగున మోగింది.

"పైకి మెరుపే గానీ లోపల సరుకు లేదు. ఇది రెండేళ్ళు కూడా నిలబడదు!"

పెళ్ళికూతురి తల్లి కళ్ళు తేలేసింది. పెళ్ళికొడుకు మేనమామ కుర్చీ తోసుకుంటూ లేచాడు. "మా వాడి గురించేనా?" అన్నాడు. "వాడి గురించి నాకేం తెలుసు? నేను హాలు గురించి చెప్తున్నా" అంది రేకులక్క, ఇంకా పైకే చూస్తూ. టైలరు ఆ రోజు భోజనం చెయ్యకుండా వెనక తలుపు గుండా ఇంటికి వచ్చేశాడు. చెప్పినట్టే రెండో వానాకాలానికి ఆ హాలు కప్పు కారింది. పెళ్ళి మాత్రం దివ్యంగా నిలబడింది.

అంతకంటే ఘోరం ఆసుపత్రిలో జరిగింది. బేకరీ ఆయనకి అపెండిక్సు ఆపరేషన్ అయితే, అక్కాతమ్ముళ్ళిద్దరూ చూడ్డానికి వెళ్ళారు. పాత వార్డు. పైన రేకులు. మంచం పక్కన బేకరీ ఆయన భార్య పళ్ళరసం పోస్తోంది. రేకులక్క మంచానికి అవతల నిలబడి తల పైకెత్తింది. టైలరు ఆమె మోచెయ్యి గిల్లాడు. ఏం లాభం?

"అబ్బే! చూడ్డానికి బాగానే ఉంది గానీ లోపలంతా తినేసింది" అని నిట్టూర్చింది. "ఆరు నెలలు. మహా అయితే ఏడు."

గ్లాసు కింద పడింది. దాని వెనకాలే బేకరీ ఆయన భార్య పడింది. నర్సు పరుగెత్తుకొచ్చి ఆవిడకి నీళ్ళు చల్లుతుంటే, బేకరీ ఆయన దుప్పటి ముక్కుదాకా లాక్కుని, "అక్కా, నాకు ముందే తెలుసు, డాక్టర్లు దాచారు" అన్నాడు. తనకి నూరేళ్ళు ఢోకా లేదని, పోయేది పైనున్న రేకని నమ్మించడానికి టైలరుకి తల ప్రాణం తోకకి వచ్చింది.

అయినా ఊరు ఆమెని ఊరికే భరించలేదు, నెత్తిన పెట్టుకుంది. ఎందుకంటే ఆమె చెప్పిందే జరిగేది. ఆ సంగతి ఆమెకీ తెలుసు. "నా మాట తప్పదు" అని ఆమె అన్నంత తరచుగా ఇంకెవరూ "దాహం వేస్తోంది" అని కూడా అనరు.

ఎవరైనా కొత్తవాళ్ళు "రేకుల కప్పు ఎన్నేళ్ళు ఉంటుందక్కా?" అని అడిగారంటే ఇక వాళ్ళ పని అయిపోయినట్టే. ఒకసారి టైలరు షాపులో ప్యాంటు కొలత ఇస్తున్న పాపానికి ఒక కొత్త పంతులుగారు ఆ మాట అడిగారు.

"మనిషి ఎన్నేళ్ళు బతుకుతాడు పంతులుగారూ?" అంది రేకులక్క.

"అది మనిషిని బట్టి ఉంటుంది కదండీ."

"రేకూ అంతే. ఎవరికి పుట్టింది, ఎక్కడ పెరిగింది, ఎవరు చూసుకున్నారు. ఈ మూడూ చెప్తే ఆయుష్షు చెప్తా. మామూలు జింకు పూత రేకు పాతికేళ్ళు బతకొచ్చు, నలభై బతకొచ్చు. జింకులో అల్యూమినియం కలిపి పూస్తే ఇంకా ఎక్కువ. కానీ అదే రేకుని తీసుకొచ్చి మన రేవు పక్కన పెట్టండి. ఉప్పు గాలి దాన్ని చప్పరించేస్తుంది."

"వాన పడితే కడుక్కుపోతుంది కదా?"

"అదీ మాట! వాన పడే చోట కడుక్కుపోతుంది. చూరు కింద వాన తగలదు. ఉప్పు అక్కడే కూర్చుంటుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. వాన రేకుని చంపుతుందనుకుంటారు అందరూ. రేకుని చంపేది నిలవున్న తడి. ఎండుటాకులు పేరుకుని, వాటి కింద తడి ఆరకపోతే చాలు. స్క్రూ కింద రబ్బరు వాషరు రేకు కంటే ముందు ముసలిదైపోతుంది, దాన్ని ఎవరూ మార్చరు. రాగి గొట్టం నుంచి జింకు రేకు మీద నీళ్ళు కారుతుంటే..."

"అక్కా" అన్నాడు టైలరు, "ఆయన్ని ఊపిరి పీల్చుకోనీ, నడుం కొలత తేడా వచ్చేస్తోంది."

ఇంత పేరున్న రేకులక్కకి ఊళ్ళో కొన్నిచోట్ల మాత్రం మాట తప్పింది. మంత్రసాని మామ్మ ఇంటి కప్పు చూసి, "రెండేళ్ళు. ఆ తర్వాత గొడుగు వేసుకుని పడుకోవాలి" అంది. పదేళ్ళు దాటినా ఆ కప్పు చుక్క కారలేదు. రిటైరైన పోస్టుమాన్ ఇంటికి మూడేళ్ళంది, అదీ దిట్టంగా ఉంది. ఇస్త్రీ చేసే ఆవిడ గదికి ఒక్క వానాకాలం అంది, ఆవిడ ఇప్పటికీ దాని కిందే పొడి బట్టలు మడతపెడుతోంది.

వీటి గురించి ఎవరైనా వేళాకోళం చేస్తే, మామూలుగా చీమ తలకాయంత విషయానికి కూడా పోట్లాడే రేకులక్క, "ఆ రేకు మొండిదిలే" అని మాట మార్చేసేది. టైలరుకి అది వింతగా ఉండేది. అక్క ఓటమి ఒప్పుకోవడం అతను పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చూడలేదు. కానీ పోట్లాట తప్పినందుకు సంతోషించి, లోతుగా ఆలోచించేవాడు కాదు.

ఆలోచించక తప్పని రోజు వచ్చింది.

మార్కెట్ కప్పు మార్చాలని వర్తక సంఘం తీర్మానించింది. చిన్నపని కాదు. కూరల బళ్ళు, చేపల బల్లలు, బట్టల దుకాణాలు, అన్నింటికీ కలిపి ఒకే కప్పు. పాతది జల్లెడైపోయింది. అక్క ఇరవై ఏళ్ళుగా ఎదురుచూస్తున్న పని అది. ఆ కప్పు కింద సగం ఊరు కూర్చుని బతుకుతుంది, పడితే సగం ఊరి మీద పడుతుంది. దానికి మందపాటి రేకు కావాలని, వాలు ఎక్కువ పెట్టాలని, స్క్రూలు కూడా ఉప్పు గాలికి తట్టుకునేవి వెయ్యాలని అక్క చెప్పింది. అవన్నీ వేస్తే పని నెమ్మదిగా సాగుతుందని కూడా చెప్పింది.

పోటీకి గ్యారంటీ వచ్చాడు. అతని అసలు పేరు ఎప్పుడో అందరూ మర్చిపోయారు. కొత్తగా రేకుల గోడౌను తెరిచిన కుర్రాడు, చలాకీ మనిషి. నోరు తెరిస్తే గ్యారంటీ. "కాఫీ వేడిగా ఉందా?" అంటే "గ్యారంటీ!" అంటాడు. అద్దంలా మెరిసే పల్చటి రేకులు వేస్తానని, వారంలో పూర్తి చేస్తానని, యాభై ఏళ్ళు గ్యారంటీ అని చెప్పాడు.

ఒకరోజు అతను చొక్కా కుట్టించుకోవడానికి టైలరు దగ్గరికే వచ్చాడు. చేతులు చాపి కొలతకి నిలబడి, "ఏమనుకోకన్నా" అన్నాడు. "అక్కంటే నాకు గౌరవమే. కానీ సోమవారం మీటింగులో మామ్మ ఇంటి కప్పు సంగతి ఎత్తక తప్పదు. రెండేళ్ళన్న కప్పు పదేళ్ళు నిలబడితే, ఆవిడ లెక్కలు ఎలా నమ్మడం? మనిషి మంచిదే. జోస్యమే తప్పింది."

టైలరు చేతిలో టేపు బిగుసుకుంది. గ్యారంటీ "మెడ, మెడ!" అని అరిచేదాకా అతనికి తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే, ఆదివారం కదా, షాపు తెరవకుండా భార్యతో అన్నాడు, "మామ్మ ఇంటి కప్పులో ఏం మాయ ఉందో చూసొస్తాను. ఏదో కారణం ఉంటుంది. అది కనిపెడితే మీటింగులో మన అక్క పరువు దక్కుతుంది."

"కప్పా? మీరా? నిచ్చెన మీద?"

"అవును."

"ఉండండి, డాక్టరుకి కబురు పెట్టి వస్తా" అంది భార్య.

మామ్మ ఇంటి ముందు తలుపు తాళం వేసి ఉంది. ఆదివారం పొద్దున ఆవిడ కూరలకి మార్కెట్‌కి వెళ్తుందని వీధి వీధికీ తెలుసు. టైలరు పెరటివైపు వెళ్ళాడు. గోడకి నిచ్చెన ఆనించి ఉంది. పైనుంచి టక్ టక్‌మని చప్పుడు. దొంగేమో అనుకున్నాడు. పారిపోదామని రెండడుగులు వెనక్కి వేశాడు. కానీ అక్క పరువు గుర్తొచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక్కో మెట్టు తడుముకుంటూ, ఎవరికో క్షమాపణ చెప్పుకుంటున్నట్టు గొణుక్కుంటూ ఎక్కి, చూరు మీదికి తల పెట్టి కళ్ళు తెరిచాడు.

ఎదురుగా అక్క. చెక్క పలక మీద బోర్లా పడుకుని, టైలరు గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకున్నట్టే నోటి నిండా స్క్రూలు పెట్టుకుని, ఊడదీసిన పాత వాషరు చేత్తో పట్టుకుని ఉంది.

"ఉవ్వెందుఖ్ ఒచ్చావ్‌రా?" అంది.

"అక్కా, నువ్వు... నువ్వా?"

ఆమె స్క్రూలు అరచేతిలోకి ఉమ్మింది. "కిందికి చూడకు. రేకుని పట్టుకోకు, అంచు కోస్తుంది. నిచ్చెనే పట్టుకో. ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. ఈ కప్పు ఎందుకు చావలేదో చూద్దామని వచ్చా."

"చూశావుగా" అంది అక్క. ఆమె మొహం ఎర్రబడింది. ఎండకి కాదు.

టైలరు చుట్టూ చూశాడు. భయం ఒక్క నిమిషం అతన్ని వదిలేసింది. పాత రేకే. కానీ ప్రతి స్క్రూ కిందా కొత్త రబ్బరు. పక్కింటి చెట్టు రాల్చిన ఆకులు ఒక్కటి కూడా లేకుండా ఊడ్చి ఉంది. కోసిన అంచులన్నింటికీ పొందిగ్గా రంగు. నీళ్ళ తొట్టి నుంచి వచ్చే రాగి గొట్టం స్థానంలో ప్లాస్టిక్ గొట్టం. చూరు కింద ఉప్పు కడగడానికి తెచ్చిన బకెట్టూ బ్రష్షూ ఒక పక్కన ఉన్నాయి. అతను కుట్టుపనివాడు. చిరుగు కనపడకుండా చేసిన రఫూ చూస్తే గుర్తుపట్టగలడు.

"పదేళ్ళ నుంచా?"

"ఏడాదికి రెండుమూడు సార్లు. అంతే."

"పోస్టుమాన్ గారిది? ఇస్త్రీ ఆవిడది?"

అక్క స్క్రూ బిగించడంలో మునిగిపోయినట్టు నటించింది.

"మరి ఆవిడకి చెప్పి చెయ్యొచ్చుగా అక్కా! దొంగలా ఈ ఎక్కడమేంటి?"

"చెప్పాన్రా. మొదటిసారి ఎదురుగా వెళ్ళే అడిగాను. 'ఊళ్ళో సగం మందిని ఈ చేతులతో బయటికి తీశాను, ఇంతవరకూ ఎవరిచేతా ఊరికే ఒక్క పని చేయించుకోలేదు. కారితే తడుస్తాను. నువ్వు వెళ్ళిరా' అని తలుపేసేసింది. ఏం చెయ్యమంటావు? తడవనివ్వనా? మనిద్దర్నీ బయటికి లాగింది ఆవిడే. నువ్వైతే కాళ్ళు ముందు పెట్టి వచ్చావు. అప్పుడు కూడా నీకు దిగడానికి భయమే."

టైలరు నవ్వాడు, నవ్వితే నిచ్చెన ఊగింది, నవ్వు ఆగిపోయింది.

"రేపు మీటింగులో గ్యారంటీ ఈ ఇంటి పేరే ఎత్తుతాడు. నేను నిజం చెప్పేస్తాను."

"చెప్పావంటే నీ షాపు కప్పు పీకి నీ చేతిలో పెడతా" అంది అక్క. తర్వాత గొంతు తగ్గించింది. "ఒరేయ్, నా మాట తప్పిందంటే నాకు పోయేదేముంది? కాస్త పరువు. దానికి మళ్ళీ పూత వేసుకుంటా. ఆవిడ ఇన్నేళ్ళు తలెత్తుకుని తిరిగింది. నలుగురిలో ఆవిడ తల దించితే దానికి ఏ పూత వెయ్యగలం?"

టైలరు ఒక కాలు కింది మెట్టు కోసం చాపి, అందక మళ్ళీ పైకి లాక్కున్నాడు. "అక్కా" అన్నాడు.

"ఏంటి?"

"దిగలేకపోతున్నాను."

సోమవారం సాయంత్రం మీటింగు మార్కెట్లోనే పెట్టారు. పైన చినుకులు పడుతున్నాయి, కింద కూడా పడుతున్నాయి. సంఘం అధ్యక్షుడు ఉల్లిపాయల పెద్దాయన గొడుగు కింద కూర్చుని సభ ప్రారంభించారు.

రేకులక్క లేచి, తనకి తెలిసిందంతా చెప్పింది. మామూలు కంటే బాగా చెప్పింది. "యాభై ఏళ్ళ రేకు ఉంది బాబాయ్ గారూ, లేదనను. సముద్రానికి దూరంగా, పొడి గాలి ఉన్న చోట. ఇక్కడ ఆ పల్చటి రేకు పదిహేనేళ్ళు దాటదు. మందంగా వేద్దాం. ఏటా ఒకసారి కడుగుదాం, వాషర్లు ముసలివైతే మార్చుదాం. నా తర్వాత కూడా నిలబడుతుంది."

గ్యారంటీ లేచాడు. మర్యాదగానే మాట్లాడాడు. "అక్క మాట మీద గౌరవం ఉంది. కానీ మంత్రసాని మామ్మ కప్పుకి రెండేళ్ళే అన్నారు, గుర్తుందా? పోస్టుమాన్ గారి కప్పు? ఇస్త్రీ ఆవిడది? అక్క పదిహేనంటే యాభై అనుకోవాలేమో!"

జనం గొల్లుమన్నారు. పెద్దాయన కూడా గొడుగు చాటున నవ్వారు. "ఏమ్మా, దీనికి నీ సమాధానం?"

రేకులక్క తల పైకెత్తి, కారుతున్న కప్పు వైపు చూసింది. "ఆ రేకులు మొండివి బాబాయ్ గారూ" అంది మెల్లగా.

నవ్వు ఇంకా పెరిగింది. టైలరు చటుక్కున లేచి నిలబడ్డాడు. అక్క అతని వైపు చూసింది. ఆ చూపు చూసి మళ్ళీ కూర్చున్నాడు. కూర్చున్నాడే గానీ, చేతిలో ఉన్న సుద్ద ముక్క పొడైపోయింది.

"కాస్త జరగండి నాయనా" అని వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. జనం రెండుగా చీలారు. మంత్రసాని మామ్మ కర్ర ఊతంతో, చేతిలో ఖాళీ బుట్టతో ముందుకి వచ్చింది.

"ఏమయ్యా గ్యారంటీ, నువ్వెప్పుడైనా రేకుల కప్పు కింద పడుకున్నావా?"

"లే... లేదు మామ్మా. మాది డాబా."

"అదీ సంగతి. రేకు మీద పిచ్చుక వాలితే కింద తెలుస్తుంది. ఆకు రాలితే తెలుస్తుంది. ఇదిగో, ఇంత మనిషి పైన దొర్లుతూ సుత్తి కొడుతుంటే నాకు తెలియదా? మొదటిసారి నేను ఇంట్లోనే ఉన్నాను. పిల్లి అనుకుందామని చాలా ప్రయత్నించా. పిల్లి స్క్రూలు బిగించదే!"

అందరి తలలూ రేకులక్క వైపు తిరిగాయి.

"రెండేళ్ళంది. నిజమే చెప్పింది. ఊరుకుంటే రెండేళ్ళే. అది ఊరుకోలేదు. తను చెప్పింది తనే తప్పు చేసుకుంటూ వచ్చింది, ఏటికేడాది, నా నెత్తి మీద కూర్చుని."

"మరి తెలిసీ ఎందుకూరుకున్నావు మామ్మా?" అన్నారు పెద్దాయన.

"ఊరికే ఎవరిచేతా చేయించుకోనని మాటన్నాను కదయ్యా. నా మాట నిలబడాలి. అదేమో చెయ్యకుండా ఉండలేదు. ఇద్దరికీ కుదరాలంటే నేను ఇంట్లో లేకపోవాలి. అందుకే ఆదివారం ఇక్కడికొచ్చి కూర్చునేదాన్ని. నా ఒక్క కడుపుకి అన్ని కూరలెందుకు?"

"ఓరి నాయనో!" అని కూరల ఆవిడ అరిచింది. "అందుకా మామ్మా, ఒక్క నిమ్మకాయ కోసం పొద్దంతా బేరమాడేదానివి!"

"అవును. క్షమించు తల్లీ. నాకు నిమ్మకాయ పడదు కూడా."

నవ్వులు మొదలయ్యాయి. ఈసారి నవ్వులు వేరు. మామ్మ కర్రతో నేల మీద కొట్టింది. "నవ్వింది చాలు. దాని కష్టం కింద పొడిగా పడుకుంటూ, నా కప్పు పేరు చెప్పి దాన్ని నవ్వులపాలు చేస్తుంటే చూస్తూ కూర్చోమంటారా? నా మాట మీద నేను నిలబడ్డది చాలు."

మూలనుంచి పోస్టుమాన్ గొంతు సవరించుకున్నాడు. "మా ఇంటి మీద కూడా... ఆ పిల్లి వస్తుందండీ."

"మాకూ అదే పిల్లి" అంది ఇస్త్రీ ఆవిడ. "వచ్చిన రోజున నేను రేడియో పెద్దగా పెడతాను, దానికి సిగ్గెయ్యకుండా."

రేకులక్క ఎటు చూడాలో తెలియక తన చెప్పుల వైపు చూసుకుంటోంది. టైలరు చటుక్కున లేచి, అక్క పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తెలియలేదు. అలవాటు కొద్దీ ఆమె భుజం మీద నలిగిన గుడ్డ సరిచేశాడు. అతని ఛాతీ ఎంత పొంగిందంటే, ఆ రోజు ఎవరైనా కొలత తీసుకుని ఉంటే చొక్కా రెండు సైజులు పెద్దది కుట్టాల్సి వచ్చేది.

పెద్దాయన గొడుగు పక్కన పెట్టేశారు. "కప్పు వేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. వేశాక చూసుకునేవాళ్ళే కావాలి. ఏమంటారు?" ఎవరూ వేరే మాట అనలేదు.

గ్యారంటీ తల గోక్కుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు. "అక్కా, తప్పయిపోయింది. ఒక్క మాట. మా గోడౌను మీద ఎప్పుడూ పిల్లి నడిచిన చప్పుడు రాలేదే?"

"నీది పిల్లి నడిస్తే కూలే కప్పు నాయనా" అంది రేకులక్క, కాస్త తేరుకుని. "ఆదివారం వస్తాలే. చూద్దాం."

మార్కెట్ కప్పు పూర్తయ్యింది. నెమ్మదిగానే పూర్తయ్యింది. మొదటి పెద్ద వానకి అందరూ కూరలు అమ్మడం మానేసి పైకి చూస్తూ నిలబడ్డారు, ఒక్క చుక్క కిందికి రాలేదు. ఆ వారమంతా టైలరు కొలతకి వచ్చిన ప్రతివాడికీ "అది మా అక్క వేసింది" అని చెబుతూ చెయ్యి పైకి చూపించడం వల్ల, ఊళ్ళో చాలామంది చొక్కాలకి ఒక చెయ్యి పొడుగ్గా వచ్చింది. ఎవరూ వెనక్కి తేలేదు.

రహస్యం బయటపడ్డాక మామ్మ ఒక షరతు పెట్టింది. ఇక దొంగతనంగా ఎక్కడాలు లేవు. ముందు తలుపులోంచి రావాలి, టీ తాగాలి, ఎక్కాలి. తను కింద కుర్చీ వేసుకుని పని చేయిస్తుంది. ఊరికే చేయించుకోవడం కాదు కదా, పనిలో తనదీ చెయ్యి ఉండాలి.

ఆ ఆదివారం టైలరు నిచ్చెన కాళ్ళు పట్టుకోవడానికి వెళ్ళాడు. అంతకంటే పైకి తన వల్ల కాదని ముందే చెప్పేశాడు. పైన అక్క ఒక మొండి స్క్రూతో పెనుగులాడుతోంది. కింద మామ్మ కుర్చీలో ముందుకి వంగి, కర్ర గాల్లో ఊపుతూ, వీధంతా వినిపించేలా అరుస్తోంది.

"ఊపిరి పీల్చుకో! పీల్చుకున్నావా? ఇప్పుడు బలం పెట్టు! ఇంకొంచెం, ఇంకొంచెం తల్లీ, అయిపోయింది, అయిపోవచ్చింది..."

"మామ్మా!" అని పైనుంచి కేక వినిపించింది. "ఇది కాన్పు కాదు!"

"నాకు వచ్చిన పని అదొక్కటేనమ్మా" అంది మామ్మ తొణక్కుండా. "మాట్లాడకు, బలం పెట్టు!"